పాత ఇంగ్లిష్ పోయెమ్ పిల్లలకు అర్థం కావాలంటే: ముందు అన్వయం, ఆఖర్న గైడ్

మీరు అడిగింది ఇదీ: అబ్బాయి తొమ్మిదో తరగతి, ఇంగ్లిష్ మీడియం. పాఠాల్లో మార్కులు బాగానే వస్తున్నాయి. పోయెమ్ దగ్గరికి వచ్చేసరికి గైడ్‌లో సమ్మరీ బట్టీ పడుతున్నాడు. ప్రశ్న కాస్త తిప్పి అడిగితే పేపర్ ఖాళీగా వదిలేస్తున్నాడు. కష్టమైన మాటలన్నిటికీ డిక్షనరీలో అర్థాలు చూసి రాసుకున్నా పోయెమ్ మాత్రం బోధపడటం లేదు.

మీ ఆఖరి మాటలోనే జవాబు ఉందండి. అర్థాలన్నీ రాసుకున్నాక కూడా బోధపడలేదంటే వాడు ఆగిపోయింది మాట దగ్గర కాదు, వాక్యం దగ్గర. కర్త ఎక్కడుంది, క్రియ ఎక్కడుంది, ఏ ముక్క దేనికి తగులుకుంటుంది అన్నది తేలలేదు. తెలుగు క్లాసులో పోతన పద్యం వస్తే మనం పదవిభాగం, ప్రతిపదార్థం, అన్వయం, తాత్పర్యం అని వరసగా నడుస్తాం. ఇంగ్లిష్ పోయెమ్‌కి వచ్చేసరికి ప్రతిపదార్థం నుంచి ఒక్క గెంతులో తాత్పర్యంలో పడుతున్నాం. అన్వయం, అంటే మాటల్ని మామూలు వాక్యం వరసలో పెట్టుకోవడం, అనే మెట్టే లేదు. దాన్ని తిరిగి పెట్టండి.

చిన్నదానితో మొదలుపెడదాం. రాబర్ట్ ఫ్రాస్ట్ రాసిన 'డస్ట్ ఆఫ్ స్నో', సీబీఎస్ఈ పదో తరగతి 'ఫస్ట్ ఫ్లైట్'లో ఉన్నది. మొత్తం ఎనిమిది లైన్లు:

'ద వే ఎ క్రో / షుక్ డౌన్ ఆన్ మీ / ద డస్ట్ ఆఫ్ స్నో / ఫ్రమ్ ఎ హెమ్లాక్ ట్రీ
హాజ్ గివెన్ మై హార్ట్ / ఎ చేంజ్ ఆఫ్ మూడ్ / అండ్ సేవ్డ్ సమ్ పార్ట్ / ఆఫ్ ఎ డే ఐ హాడ్ రూడ్.'

ఇందులో ఫుల్‌స్టాప్ ఒక్కటే. అంటే పోయెమ్ మొత్తం ఒకే వాక్యం. పిల్లలు 'హెమ్లాక్ ట్రీ' తర్వాత ఖాళీ జాగా చూసి వాక్యం అయిపోయిందనుకుంటారు. అక్కడికి క్రియ ఇంకా రానే లేదు. ప్రధాన క్రియ 'హాజ్ గివెన్', దానికి జతగా 'సేవ్డ్'. ఎవరు ఇచ్చారు, ఏది ఇచ్చింది అని అడిగితే జవాబు 'ద వే'. కాకి నా మీద మంచు రాల్చిన తీరు నా మనసును కాస్త మార్చింది, పాడైపోయిందని బాధపడుతున్న రోజులో కొంత భాగాన్ని దక్కించింది అని అన్వయం. కాకి మార్చింది అని రాస్తే సగం జవాబే. మార్చింది ఆ రాల్చిన తీరు. 'సమ్ పార్ట్' అన్నాడు కాబట్టి రోజంతా బాగుపడిందని రాసినా తప్పే. చివరి మాట 'రూ' అనే క్రియకు భూతకాలం, పశ్చాత్తాపపడటం అని అర్థం. మొరటు అని అర్థం వచ్చే 'రూడ్' కూడా చెవికి ఇలాగే వినిపిస్తుంది కాబట్టి విని రాసుకునే పిల్లలు ఆ రోజు మొరటుగా ఉందని రాసేస్తారు. స్పెల్లింగ్ చూపించండి.

ఈ పోయెమ్ మీద గైడ్‌లలో తరచూ కనిపించే ఒక మాట గురించి కూడా చెప్పాలి. హెమ్లాక్ విషపు చెట్టు, కాబట్టి అది చావుకు గుర్తు అంటారు. సోక్రటీస్ తాగిన విషం వచ్చేది క్యారట్ కుటుంబానికి చెందిన హెమ్లాక్ అనే మొక్క నుంచి. ఫ్రాస్ట్ ఉన్న అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో హెమ్లాక్ అంటే పైన్ జాతి చెట్టు, అందులో విషం లేదు. పేరొక్కటే కలిసింది. ఆ పేరుకున్న నీడ కవి మనసులో ఉండొచ్చని వాదించేవాళ్లు ఉన్నారు, వాదించనివ్వండి. చెట్టు విషపుది అని మాత్రం పరీక్షలో రాయించకండి.

ఇక పద్ధతి. మొదటి రోజు అరగంట చాలు, గైడ్ ముట్టుకోకూడదు. పోయెమ్‌ని రెండుసార్లు పైకి చదివించండి. లైన్ చివర ఆగకూడదు, కామా, సెమీకోలన్, ఫుల్‌స్టాప్ ఉన్నచోటే ఆగాలి. లైన్ చివర ఆగే అలవాటు ఒక్కటి మానితే కొన్ని పోయెమ్స్ అక్కడికక్కడే విడిపోతాయి. తర్వాత పెన్సిల్‌తో ఫుల్‌స్టాప్‌లు లెక్కపెట్టి వాక్యాలకు నంబర్లు వేయించండి. ప్రతి వాక్యంలో క్రియల కింద గీత గీసి, ఒక్కోదాన్నీ పట్టుకుని ఎవరు, దేన్ని, ఎక్కడ అని అడగండి. కామాల మధ్య ఇరుక్కున్న ముక్కల్ని బ్రాకెట్లో పెట్టి ముందు పక్కన ఉంచండి. ఆ తర్వాత నోట్సులో అదే వాక్యాన్ని మామూలు వరసలో ఇంగ్లిష్‌లోనే రాయించాలి. తెలుగు అప్పుడే వద్దు. తెలుగులోకి వెళ్తే అర్థం కాని చోట మనకు తెలియకుండానే ఊహతో పూరించేస్తాం. ఇంగ్లిష్‌లో వరస మార్చి రాసేటప్పుడు అది కుదరదు, తేలని ముక్క తేలనట్టే కళ్లముందు మిగిలిపోతుంది.

తెలుగు పిల్లలకు ఇక్కడ ఒక వాటం ఉంది. పాత కవులు వరస తిప్పినప్పుడు క్రియ చాలాసార్లు చివరికి వెళ్తుంది, అది మన వాక్యం వరసే. వర్డ్స్‌వర్త్ పోయెమ్ ఒకటి, 1800లో అచ్చయింది, 'ఎ స్లంబర్ డిడ్ మై స్పిరిట్ సీల్' అని మొదలవుతుంది. ఒక నిద్ర, నా మనసును, మూసేసింది. కర్త, కర్మ, క్రియ, అచ్చం తెలుగులా. కాకపోతే మనకు 'ను' అనే ప్రత్యయం ఉంది కాబట్టి ఏది కర్మో తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌కు అది లేదు. అందుకే 'నా మనసు నిద్రను మూసింది' అని తలకిందులుగా రాసేవాళ్లు ఉంటారు. ఇందులో 'డిడ్' ప్రశ్న కోసం వచ్చింది కాదు, క్రియను లైన్ చివరికి పంపి ప్రాస, నడక కుదుర్చుకోడానికి వచ్చింది. పాత పోయెమ్స్‌లో 'డిడ్', 'డజ్', 'డూ' కనిపిస్తే వాటిని తీసేసి అసలు క్రియను ఆ కాలంలోకి మార్చి చదవమనండి.

మింగేసిన మాటలు ఇంకో చిక్కు. ఫ్రాస్ట్‌దే 'ద రోడ్ నాట్ టేకెన్'లో 'ఇన్ లీవ్స్ నో స్టెప్ హాడ్ ట్రాడెన్ బ్లాక్' అని ఉంది. 'లీవ్స్' తర్వాత 'దట్' పెట్టి చదివితే చాలు: ఏ అడుగూ తొక్కి నల్లబరచని ఆకుల్లో. అదే పోయెమ్‌లో 'వాంటెడ్ వేర్' అంటే గడ్డి ఏదో తొడుక్కోవాలనుకుందని కాదు. అక్కడ 'వాంట్' అంటే లోపించడం, 'వేర్' అంటే అరుగుదల. అంటే దారి అరగలేదు. డిక్షనరీలో మొదటి అర్థం దగ్గరే ఆగితే ఇలాంటివే వస్తాయి. ముందు ఆ మాట నామవాచకమా క్రియా అని తేల్చుకుని, ఆ విభాగంలో చివరి అర్థం దాకా చదవాలి. వర్డ్స్‌వర్త్ డాఫొడిల్స్ పోయెమ్‌లో 'బట్ లిటిల్ థాట్' అంటే కొంచెం ఆలోచించాడని కాదు, అసలు అనుకోలేదని. 'ఎ లిటిల్' వేరు, 'లిటిల్' వేరు. ఈ ఒక్కటి పట్టుకోకపోతే ఆ పోయెమ్ చివరి స్టాంజా ఎందుకుందో అర్థం కాదు: ఆ పూలను చూసినప్పుడు వాటి విలువ తెలియలేదు, తర్వాత ఇంట్లో ఒంటరిగా పడుకున్నప్పుడు తెలిసింది.

ఇప్పుడు గట్టిది ఒకటి చూద్దాం, షెల్లీ 'ఓజిమాండియస్'. ఎడారిలో పగిలి పడి ఉన్న ఒక రాజు విగ్రహం గురించి, పద్నాలుగు లైన్లు. పిల్లలు దాదాపు ఎప్పుడూ జారేది నాలుగో లైన్ నుంచి ఎనిమిదో లైన్ దాకా:

'హాఫ్ సంక్ ఎ షాటర్డ్ విసేజ్ లైస్, హూజ్ ఫ్రౌన్, / అండ్ రింకుల్డ్ లిప్, అండ్ స్నీర్ ఆఫ్ కోల్డ్ కమాండ్, / టెల్ దట్ ఇట్స్ స్కల్ప్టర్ వెల్ దోజ్ ప్యాషన్స్ రెడ్ / విచ్ యెట్ సర్వైవ్, స్టాంప్డ్ ఆన్ దీజ్ లైఫ్‌లెస్ థింగ్స్, / ద హ్యాండ్ దట్ మాక్డ్ దెమ్, అండ్ ద హార్ట్ దట్ ఫెడ్;'

ముందు క్రియలు. 'లైస్' ఎవరు? 'విసేజ్', అంటే ముఖం. పగిలిన ముఖం ఇసుకలో సగం కూరుకుపోయి పడి ఉంది. 'టెల్' ఎవరు? ముడిపడిన కనుబొమలు, ముడతపడిన పెదవి, ఆజ్ఞాపించే వెటకారపు నవ్వు, ఈ మూడూ. ఏం చెబుతున్నాయి? శిల్పి ఆ భావాలను బాగా చదివాడని. ఇక్కడ కూడా క్రియ చివరికి పోయింది. ఆ క్రియను 'రీడ్' అని పలకాలా, భూతకాలంలో 'రెడ్' అని పలకాలా? రెండు లైన్ల కింద 'ఫెడ్' ఉంది. ప్రాస చెబుతోంది 'రెడ్' అని. ప్రాస చెవికి ఇంపు కోసమే అనుకుంటాం గానీ పాత పోయెమ్‌లో ఉచ్చారణకు సాక్ష్యం కూడా అదే. అయితే గుడ్డిగా నమ్మకూడదు, ఇదే పోయెమ్‌లో 'స్టోన్'కు 'ఫ్రౌన్'ను జత చేశాడు, అది పూర్తిగా కలవదు.

అసలు ముడి 'సర్వైవ్' దగ్గర. కామాల మధ్య ఉన్న 'స్టాంప్డ్ ఆన్ దీజ్ లైఫ్‌లెస్ థింగ్స్' ముక్కను పక్కన పెట్టండి. మిగిలేది: ఆ భావాలు చేతినీ హృదయాన్నీ 'సర్వైవ్' అయ్యాయి. అంటే వాటికన్నా ఎక్కువ కాలం బతికాయి. 'సర్వైవ్'కు కర్మ ఉండటం పిల్లలకు కొత్త, అందుకని చెయ్యి, హృదయం కూడా మిగిలాయని రాస్తారు. గైడ్‌లలోనూ ఈ తప్పు కనిపిస్తుంది. చెయ్యి శిల్పిది, హృదయం రాజుది, రెండూ మట్టిలో కలిసిపోయాయి. రాతి మీద ముద్రపడ్డ అహంకారమే మిగిలింది. 'ఫెడ్' తర్వాత మళ్లీ 'దెమ్' మింగేశాడు: ఆ భావాలను పోషించిన హృదయం. ఇక 'మాక్డ్' అంటే అనుకరించడం, ఎగతాళి చేయడం రెండూ ఉన్నాయి. శిల్పి రాజు ముఖాన్ని దింపుతూనే రాజును కాస్త వెక్కిరించాడు కూడా. ఈ ఒక్క మాట మీద నాలుగు మార్కుల జవాబు రాయొచ్చు.

తర్వాత ఎవరి గొంతో తేల్చాలి. 'నేను' ఒకడు. అతనికి ఎదురైన యాత్రికుడు ఒకడు. యాత్రికుడి మాటల్లోపల పీఠం మీద చెక్కిన రాజు మాటలు. ఒక గొంతులో ఇంకో గొంతు. కొటేషన్ గుర్తులు ఎక్కడ తెరుచుకుని ఎక్కడ మూసుకున్నాయో వేలుపెట్టి చూపించమనండి. 'లుక్ ఆన్ మై వర్క్స్, యీ మైటీ, అండ్ డెస్పెయిర్' అన్నది రాజు. ఇక్కడ 'డెస్పెయిర్' నిరాశ అనే నామవాచకం కాదు, ఆశ వదులుకోండి అనే ఆజ్ఞ. నాతో సమానం కాలేరని ఆయన ఉద్దేశం. వెంటనే 'నథింగ్ బిసైడ్ రిమైన్స్' అని మూడే మాటల వాక్యం, ఇది యాత్రికుడిది. అందులో 'బిసైడ్' అంటే పక్కన అని కాదు, ఇది తప్ప మరేమీ అని. రాజు ఆజ్ఞ అలాగే ఉంది, అర్థం మాత్రం బోర్లా పడింది. ఆయనకే ఈ గతి పట్టిందని చూసి మిగతా బలవంతులు ఆశ వదులుకోవాలి. థీమ్ అడిగితే ఈ రెండు వాక్యాల మధ్య జరిగినదే రాయాలి. 'పవర్ ఈజ్ టెంపరరీ' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే మార్కులు రావు.

రైమ్ స్కీమ్, అంటే లైన్ల చివర ప్రాసల వరస, కూడా చెవితోనే తీయించండి. సానెట్, అంటే పద్నాలుగు లైన్ల పోయెమ్, కనబడగానే షేక్‌స్పియర్ నమూనా ఎత్తిరాసేయడం మామూలైపోయింది. ఓజిమాండియస్‌లో ఐదో లైన్ 'కమాండ్' మళ్లీ మొదటి లైన్ 'ల్యాండ్'తో కలుస్తుంది. ఎ బి ఎ బి ఎ సి డి సి ఇ డి ఇ ఎఫ్ ఇ ఎఫ్ అని వస్తుంది, ఏ తెలిసిన నమూనాలోనూ సరిగా ఇమడదు.

దీనికి నేపథ్యం ఎంత కావాలి? ఓజిమాండియస్ అన్నది ఈజిప్టు రాజు రెండో రామ్సెస్‌కు గ్రీకులు వాడిన పేరు. షెల్లీ, ఆయన స్నేహితుడు హొరేస్ స్మిత్ ఇదే విషయం మీద చెరో సానెట్ రాశారు. షెల్లీది 1818 జనవరిలో లండన్ వారపత్రిక 'ఎగ్జామినర్'లో వచ్చింది. ఇంతే చాలు. కవి ఎప్పుడు పుట్టాడు, ఎన్ని పెళ్లిళ్లు చేసుకున్నాడు అనేవి పోయెమ్ జవాబులో చోటు తినేస్తాయి.

కానీ ఒక్క రకం నేపథ్యం తప్పనిసరి, వాతావరణం. షేక్‌స్పియర్ పద్దెనిమిదో సానెట్ 'షల్ ఐ కంపేర్ దీ టు ఎ సమ్మర్స్ డే' అంటుంది. రెంటచింతల పిల్లవాడికి ఇది పొగడ్తలా ఎలా వినిపిస్తుంది? రోళ్లు పగిలే రోహిణి కార్తెతో పోల్చితే తిట్టినట్టే. ఇంగ్లండులో వేసవి అంటే ఏడాదికంతటికీ హాయైన రోజులు, మే నెల అంటే మొగ్గల కాలం. అందుకే 'డార్లింగ్ బడ్స్ ఆఫ్ మే' అన్నాడు. అంత మంచి రోజుకన్నా నువ్వే మెరుగు అనడం కవి ఉద్దేశం. ఎందుకంటే ఆ వేసవిలో కూడా గాలి ఎక్కువవుతుంది, 'ఐ ఆఫ్ హెవెన్', అంటే సూర్యుడు, ఒక్కోసారి మరీ మండుతాడు. ఇది ముందే చెప్పకపోతే మొదటి లైన్‌లోనే బండి పక్కదారి పడుతుంది. డాఫొడిల్స్, మంచు, ఎర్లీ స్ప్రింగ్ అన్నిటికీ ఇదే వరస.

పోయెమ్‌లో 'నేను' అన్నవాడు కవే అని గుడ్డిగా రాయొద్దని కూడా చెప్పండి. వర్డ్స్‌వర్త్ డాఫొడిల్స్ పోయెమ్‌ను 'మేఘంలా ఒంటరిగా తిరిగాను' అని మొదలుపెట్టాడు. 1802 ఏప్రిల్ 15న అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున ఆ పూలు చూసినప్పుడు చెల్లెలు డొరతీ పక్కనే ఉంది, ఆమె డైరీలో ఆ నడక వివరంగా రాసుకుంది కూడా. ఒంటరితనం పోయెమ్‌లో మాట్లాడేవాడికి అవసరమైంది. అందుకే జవాబులో 'ద పోయెట్' బదులు 'ద స్పీకర్' అని రాయడం మేలు.

'ద రోడ్ నాట్ టేకెన్' సంగతి వేరు, అక్కడ గైడ్ మొత్తంగానే అడ్డం తిరుగుతుంది. ఎవరూ నడవని దారి ఎంచుకో, విజయం నీదే అని నీతి రాస్తారు. పోయెమ్‌లో రెండో స్టాంజా చివర రెండు దారులూ నిజానికి ఒకేలా అరిగాయని ఉంది. మూడో స్టాంజా మొదట్లో ఆ ఉదయం రెండూ సమానంగా ఉన్నాయని ఉంది. తక్కువ మంది నడిచిన దారి పట్టానన్నది ఎన్నో ఏళ్ల తర్వాత నిట్టూరుస్తూ తాను చెప్పబోయే మాట. చివరి స్టాంజా 'ఐ షల్ బీ టెల్లింగ్' అని భవిష్యత్తులో మొదలవుతుంది చూడండి. నిట్టూర్పు సంతోషంతోనా విచారంతోనా అన్నది చెప్పలేదు. పేరు కూడా వెళ్లని దారి పేరే. ఏ దారి పట్టినా పట్టనిదాని గురించి వగచే స్నేహితుడు ఎడ్వర్డ్ థామస్‌ని ఆటపట్టించడానికి ఫ్రాస్ట్ దీన్ని రాశాడు, 1915లో అచ్చయింది. స్కూల్లో ఆ నీతినే జవాబుగా అడుగుతారనుకుంటే ఏం చేయాలి? ముందు రెండు దారులూ ఒకేలా ఉన్నాయన్న లైన్ రాసి, అయినా స్పీకర్ తర్వాత వేరేగా చెప్పుకుంటాడని రాయించండి. ఆధారంగా లైన్ చూపించిన జవాబును కొట్టేయడం కష్టం.

ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ మన అలంకారాల దారిలోనే పట్టుబడతాయి. 'వలె' ఉంటే ఉపమ, నేరుగా అదే ఇది అంటే రూపకం. ఇంగ్లిష్‌లో 'లైక్', 'యాజ్' ఉంటే సిమిలీ, లేకపోతే మెటఫర్. శాండ్‌బర్గ్ పోయెమ్ 'ఫాగ్'లో పొగమంచు పిల్లి పాదాల మీద వస్తుంది, అక్కడ 'లైక్' లేదు, కాబట్టి మెటఫర్. కానీ 'యాజ్' ఉన్న ప్రతిచోటా సిమిలీ కాదు. 'యాజ్ జస్ట్ యాజ్ ఫెయిర్' అన్నది రెండు దారులు సమానం అనడమే. ఆలిటరేషన్‌ను అక్షరంతో కాక శబ్దంతో పట్టాలి, పక్కపక్క మాటల మొదట ఒకే శబ్దం రావడమే అది: 'లోన్ అండ్ లెవెల్', 'బౌండ్‌లెస్ అండ్ బేర్'. పేరు రాసి ఊరుకుంటే సగం మార్కులే. పేరు, ఆ మాటలు, వాటి వల్ల ఏం జరిగింది, ఈ మూడూ ఉండాలి.

ఛందస్సు జోలికి బడిలో పెద్దగా వెళ్లరు. వెళ్తే మాత్రం గురులఘువుల లెక్క ఇక్కడ వేయొద్దు. తెలుగులో లెక్క ఎంతసేపు పలుకుతామన్న దాని మీద నడుస్తుంది, ఇంగ్లిష్‌లో ఏ ముక్కను ఒత్తి పలుకుతామన్న దాని మీద. ఎడారి అనే 'డెజర్ట్'లో ఒత్తు మొదటి ముక్క మీద, వదిలిపోవడం అనే 'డిజర్ట్'లో రెండో దాని మీద. డిక్షనరీలో ఒత్తు పడే ముక్కకు ముందు చిన్న నిలువు గీత ఉంటుంది, అది చూసుకోవడం నేర్పితే సరిపోతుంది.

రెండో రోజు ఇరవై నిమిషాలు గైడ్‌కి ఇవ్వండి. సమ్మరీలో ప్రతి వాక్యం పక్కన అది పోయెమ్‌లో ఏ లైన్‌లో ఉందో నంబర్ వేయించండి. నంబర్ దొరకని వాక్యాలు కొట్టేయాలి. మిగిలినవాటికి పోయెమ్ నుంచి రెండు మూడు మాటల ముక్కలు నాలుగైదు ఏరి అవే కంఠస్థం చేయిస్తే చాలు, తిప్పి అడిగినా పనికొస్తాయి.

సాధనకు వరస చెప్పమంటే: 'డస్ట్ ఆఫ్ స్నో', తర్వాత 'ఎ స్లంబర్', తర్వాత ఫ్రాస్ట్‌దే 'స్టాపింగ్ బై వుడ్స్'. ఈ మూడోదాని మొదటి లైన్ 'హూజ్ వుడ్స్ దీజ్ ఆర్ ఐ థింక్ ఐ నో'ను అబ్బాయి తనంతట తాను వరసలో పెట్టగలిగితే ఓజిమాండియస్ ఇవ్వండి. థామస్ గ్రే రాసిన 'ఎలిజీ' 128 లైన్లు, దాన్ని ఇంటర్ దాకా ఆపండి. చూస్తానంటే ఒక్క స్టాంజా చాలు, 'ద బోస్ట్ ఆఫ్ హెరల్డ్రీ' అని మొదలయ్యేది. వంశగౌరవం, అధికార వైభవం, అందం, సంపద అన్నీ వరసగా వచ్చి మూడో లైన్‌లో 'అవెయిట్స్' అనే క్రియ వస్తుంది. అవన్నీ మరణ ఘడియ కోసం ఎదురుచూస్తున్నాయని రాసేస్తారు. కర్తలు అన్ని ఉంటే క్రియ చివర ఎస్ ఎందుకుంటుంది? కర్త ఒక్కటే, ఆ లైన్ చివర ఉన్న 'ఇనెవిటబుల్ అవర్'. ఆ ఘడియే వాటన్నిటి కోసం కాచుకుని ఉంది. కొన్ని పుస్తకాల్లో ఆ ఎస్ తీసేసి అచ్చువేశారు, కొనేటప్పుడు అది చూసి కొనండి.